స్పీకర్ తీసేసిన పెట్టె

1979 మొదట్లో సోనీ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన మసారు ఇబుకాకి ఒక చిన్న ఇబ్బంది వచ్చిపడింది. తరచూ విమానాల్లో తిరిగే మనిషి, సంగీతం లేకపోతే పొద్దుపోదు. అందుకని తమ కంపెనీ తయారుచేసిన టీసీ-డీ5 అనే స్టీరియో టేప్‌రికార్డర్‌నే వెంట తీసుకెళ్లేవారు. పాట బ్రహ్మాండంగా వినిపించేది గానీ దాన్ని మోయడమే ప్రయాస. ఇంతకంటే తేలికైనది చేసిపెట్టలేరా అని సహచరుడు నోరియో ఓగాని అడిగారు. ఆ కోరిక టేప్‌రికార్డర్ల విభాగం చూసే కోజో ఓసొనె బల్ల మీదికి చేరింది.

విలేకరులు ఇంటర్వ్యూలు రికార్డు చేసుకోవడానికి ప్రెస్‌మ్యాన్ అనే అరచేతి యంత్రం సోనీ దగ్గర అప్పటికే ఉంది. ఓసొనె బృందం దాన్ని విప్పి, రికార్డు చేసే భాగం పీకేసింది. స్పీకర్ కూడా పీకేసింది. ఖాళీ అయిన చోట రెండు చెవులకూ వేర్వేరుగా పాట పంపే స్టీరియో సర్క్యూట్ అమర్చింది. పాతదానికి కొత్త హంగు తగిలించి కొత్త యంత్రం అనడం లోకరివాజు. ఇక్కడ ఉన్నవి ఊడబీకి కొత్తది చేశారు. ఇబుకా అది విని మురిసిపోయి, తన భాగస్వామి అకియో మొరీటాకి తీసుకెళ్లి ఇచ్చారు.

సంస్థలో చాలామందికి ఇది మింగుడుపడలేదు. రికార్డు చేయని టేప్‌రికార్డర్‌ని ఎవడు కొంటాడు? స్పీకర్ కూడా లేదాయె, నలుగురికి వినిపించి గొప్ప చెప్పుకోవడానికైనా! మొరీటా పట్టు వదల్లేదు. ముప్పై వేలు అమ్ముడుపోకపోతే చైర్మన్ పదవే వదిలేస్తానన్నారని సోనీ వాళ్లు చెప్పుకుంటారు. విద్యార్థుల వేసవి సెలవుల్లోపు బజారులో ఉండాలన్నారు. పేరు వాక్‌మన్, ధర 33,000 యెన్లు. జూన్‌లో విలేకరుల్ని పిలిచి, ఉపన్యాసాలేమీ లేకుండా, తలా ఒక వాక్‌మన్ చేతికిచ్చి బస్సెక్కించి టోక్యోలోని యొయొగి పార్కుకి తీసుకెళ్లారు. వివరాలన్నీ క్యాసెట్‌లోనే ఉన్నాయి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విలేకరులు అది వింటుంటే, ఎదురుగా ఒక అబ్బాయీ అమ్మాయీ జోడు సైకిల్ తొక్కుతూ పాటలు వింటున్నారు. చుట్టూ నిలబడ్డవాళ్లకి మాత్రం ఏమీ వినిపించదు. పత్రికలవాళ్లలో చాలామంది పెదవి విరిచారు. జులై 1న టీపీఎస్-ఎల్2 అనే మోడల్ నంబరుతో దుకాణాలకు చేరిన ఆ నీలం, వెండి రంగుల పెట్టె మొదటి నెలలో 3,000 మాత్రమే పోయింది. ఆగస్టు ముగిసేసరికి తొలి విడత ముప్పై వేలూ ఖాళీ.

ఆలోచన సోనీదొక్కటే కాదని ఇక్కడే చెప్పాలి. జర్మనీలో పుట్టి బ్రెజిల్‌లో పెరిగిన ఆండ్రియాస్ పావెల్ 1972లోనే నడుముకు కట్టుకునే స్టీరియో తయారుచేసి, స్విట్జర్లాండ్‌లోని సెంట్ మోరిట్జ్ మంచులో వింటూ తిరిగాడు. 1977లో ఇటలీలో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. కంపెనీల గడపలు తొక్కితే, చెవులకు ఆ డొప్పలు తగిలించుకుని వీధిలో ఎవరు తిరుగుతారయ్యా అని పంపేశారు. తర్వాత సోనీతో ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపాడు, బ్రిటన్ కోర్టులో ఓడాడు, చివరికి 2000 దశకం తొలి సగంలో రాజీ కుదిరింది. మొదట ఊహించినవాడికి దక్కాల్సిన పేరు దక్కలేదన్నది నిజమే. కానీ ఊహ ఒకటి చాలదు. తక్కువ బరువు హెడ్‌ఫోన్లు, చవగ్గా లక్షల్లో తయారుచేసే ఫ్యాక్టరీ, పోతే పోనీ అనుకునే యజమాని, మూడూ ఒకేచోట ఉన్నది సోనీ దగ్గరే. అంతకుముందు హెడ్‌ఫోన్లు మూడు నాలుగు వందల గ్రాములుండేవి. వాక్‌మన్‌తో వచ్చినవి యాభై గ్రాములు కూడా లేవు. నా లెక్కలో పెట్టె కంటే గొప్ప ఆవిష్కరణ అదే.

పెట్టెలోకి వెళ్లిన క్యాసెట్ మాత్రం ఫిలిప్స్ వారిది. 1963లో లూ ఒటెన్స్ బృందం బెల్జియంలోని హాసెల్ట్‌లో తయారుచేసింది. కోటు జేబులో పట్టే చెక్కముక్క ఒకటి కోయించి, యంత్రం ఇంతకంటే పెద్దది కాకూడదని ఒటెన్స్ ముందే హద్దు పెట్టాడు. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. అందులోనే నాలుగు దారులు: ఏ సైడుకి ఎడమ, కుడి, బీ సైడుకి ఎడమ, కుడి. వేగం సెకనుకి 4.76 సెంటీమీటర్లు. లెక్క కడితే 90 నిమిషాల క్యాసెట్‌లో దాదాపు 128 మీటర్ల టేపు ఉంటుంది.

వాక్‌మన్ మూత తెరిచి చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సన్నటి ఉక్కు కడ్డీ ఒకటి, దానికి ఒరుసుకునే నల్లటి రబ్బరు చక్రం ఒకటి. ప్లే నొక్కగానే ఈ రెండూ టేపుని నడుమ పట్టుకుని ఒకే వేగంతో లాగుతాయి. పక్కనే ఉన్న హెడ్, టేపు మీది అయస్కాంత రేణువుల అమరికను విద్యుత్తుగా మారుస్తుంది. లోపల మోటారు నుంచి బరువైన చక్రానికి ఒక రబ్బరు బెల్టు. మనం నడుస్తుంటే యంత్రం ఊగుతుంది కదా, ఆ కుదుపుకి పాట వణక్కుండా కాసేది ఆ చక్రం బరువే. పెన్సిల్ సెల్లు రెండూ నీరసపడితే మోటారు మందగించి, జానకి పాట కాస్తా మగగొంతులోకి దిగేది. సెల్లు ఖర్చెందుకని క్యాసెట్ కన్నంలో పెన్సిల్ దూర్చి తిప్పి రివైండ్ చేసేవాళ్లం. రబ్బరు చక్రానికి జిడ్డు పడితే టేపుని నమిలేసేది. అదీ మనకు ఇష్టమైన పాట దగ్గరే!

మనవైపుకి ఈ పెట్టెలు కంపెనీ దుకాణాల కంటే ముందు గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో వచ్చాయి. కరీంనగర్, కడప, కోనసీమ ఊళ్లలో సెలవు మీద వచ్చిన మనిషి ఇంటికి రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన టూ ఇన్ వన్, తమ్ముడికి వాక్‌మన్ తెచ్చేవాడు. మద్రాసు బర్మా బజారు మరో దారి. కొనే స్తోమత ఉన్నా లేకున్నా పాటలకి మాత్రం అందరూ వెళ్లేది రికార్డింగ్ షాపుకే. కాగితం మీద పాటల పట్టీ రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వస్తే రెండు మూడు రోజులకి సిద్ధం. ఏ సైడులో ఆఖరి పాట సగంలో తెగిపోయేది. కాపీరైటు మాట ఆ షాపువాడికీ తెలియదు, మనకీ పట్టదు.

ఇక లాభనష్టాలు. ఈ యంత్రం వల్ల మంచేమిటి, చెడేమిటి అని రెండు పట్టీలు రాయబోతే రెండింటిలోనూ ఒకే సంగతి వస్తుంది: పాట ఇతరులకు వినిపించదు. హాస్టల్ గదిలో ఒకడు చదువుతుంటే మరొకడు ఇళయరాజా పాటలు వినొచ్చు. కిక్కిరిసిన బస్సులో తనకంటూ ఒక చోటు దొరుకుతుంది. సరిగ్గా అందుకే ఇంట్లో ఉన్న మనిషి కూడా లేనట్టే అవుతాడు. ఈ భయం మొదట పట్టుకున్నది మొరీటాకే. ఇంట్లో తాను హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే భార్యకి చిరాకేసిందని ఆయనే రాసుకున్నారు. అందుకని మొదటి మోడల్‌కి ఇద్దరు వినేలా రెండు కన్నాలు పెట్టించారు. నారింజ రంగు బటన్ ఒకటి పెట్టించారు: అది నొక్కితే పాట సన్నగిల్లి, మైకు ద్వారా పక్కవాళ్ల మాట చెవిలోకి వస్తుంది. కొన్నవాళ్లకి ఈ మర్యాదలేవీ అక్కర్లేకపోయాయి. రానురాను బటన్ పోయింది, రెండో కన్నం కూడా పోయింది. ఇప్పుడు ఖరీదైన ఇయర్‌బడ్స్‌లో బయటి శబ్దాలు లోపలికి రానిచ్చే ఏర్పాటుని గొప్ప కొత్తదనంగా అమ్ముతుంటే నాకు ఆ నారింజ బటనే గుర్తొస్తుంది.

వీధుల్లో గొడవ వెంటనే మొదలైంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వుడ్‌బ్రిడ్జ్ 1982లోనే, హెడ్‌ఫోన్లు పెట్టుకుని రోడ్డు దాటకూడదని శాసనం చేసింది. మన దినపత్రికల్లో రైలు పట్టాల మీద ఇయర్‌ఫోన్లతో ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల వార్తలు నేటికీ ఆగలేదు.

చెవి సంగతి ఇంకా లోతైనది. లోపలి చెవిలోని నత్తగుల్లలాంటి గొట్టంలో దాదాపు పదిహేను వేల కేశకణాలుంటాయి. శబ్దపు అలలకి అవి ఊగి మెదడుకి సంకేతం పంపుతాయి. పెద్ద శబ్దానికి ఎక్కువసేపు ఊగితే చచ్చిపోతాయి. కోళ్లలో అవి మళ్లీ పుట్టుకొస్తాయని 1980ల చివర్లో తేలింది. మనకి రావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి పెంచితే నాలుగు గంటలే. 100 అయితే వారం మొత్తానికి ఇరవై నిమిషాలు! పైకి చూస్తే అంకె ఇరవయ్యే పెరిగింది, కానీ ఇది మామూలు కూడిక కాదు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా చెవిని తాకే శక్తి రెట్టింపవుతుంది, వినదగిన సమయం సగమవుతుంది. బస్సులోనో లోకల్ రైల్లోనో బయటి రొదని మించాలని వాల్యూమ్ పెంచుతాం, ప్రమాదమంతా అక్కడే. బయటి రొదని తగ్గించే హెడ్‌ఫోన్లు ఈ లెక్కన మేలే, రోడ్డు మీద కాకపోతే. పక్కవాళ్లకి వినిపించకపోతే చాలనే పాత కొలత మాత్రం పనికిరాదు. చెవిలో బిగుతుగా కూర్చునే ఇయర్‌బడ్ ఎంత పెద్దగా మోగినా బయటికి పొక్కదు.

1984లో సోనీయే తెచ్చిన, వెంట తీసుకెళ్లే సీడీ ప్లేయర్‌ని వేగంగా దాటేయొచ్చు. నడుస్తుంటే పాట ఎగిరిపోయేది, అంతకంటే చెప్పుకోవాల్సింది లేదు. అసలు మలుపు జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో వచ్చింది. అక్కడ కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ బృందం ఈసారి పాటలోంచే తీసివేత మొదలుపెట్టింది. పెద్ద శబ్దం పక్కనే ఉన్న చిన్న శబ్దాన్ని మన చెవి పట్టించుకోదు. పట్టించుకోనిదాన్ని దాచడం దేనికి? అలా ఏరి పారేయగా సీడీ మీద నలభై మెగాబైట్లు తినే నాలుగు నిమిషాల పాట నాలుగు మెగాబైట్లకి దిగింది. ఎంపీ3 అన్నది ఇదే. మరీ ఎక్కువ పారేస్తున్నామా అని తేల్చుకోవడానికి సుజాన్ వేగా వాయిద్యాల్లేకుండా పాడిన టామ్స్ డైనర్ పాటని మళ్లీ మళ్లీ విన్నారు. ఒంటరి గొంతులో తేడా ఇట్టే పట్టుబడుతుంది.

1998లో దక్షిణ కొరియా ఎంపీమ్యాన్, అమెరికా రియో అనే ఎంపీ3 ప్లేయర్లు వచ్చాయి. 32 మెగాబైట్ల జ్ఞాపకశక్తి, ఎనిమిది పాటలు. రియోని ఆపాలని అక్కడి రికార్డింగ్ కంపెనీలు కోర్టుకెళ్లి 1999లో ఓడిపోయాయి. 2001 అక్టోబరు 23న ఆపిల్ వెయ్యి పాటలు పట్టే ఐపాడ్‌ని ప్రకటించింది, ధర 399 డాలర్లు. లోపల తోషిబా చేసిన 1.8 అంగుళాల హార్డ్‌డిస్క్. అది ఎప్పుడూ తిరుగుతూ ఉంటే బ్యాటరీ గంటల్లో అయిపోతుంది. అందుకని ఇరవై నిమిషాల పాటల్ని ఒక్కసారే చిప్‌లోకి తోడిపెట్టి డిస్క్ నిద్రపోయేది. కుదుపుకి పాట ఎగరకపోవడం దీనివల్లే. 2005 నాటి ఐపాడ్ షఫుల్‌కైతే తెరే లేదు. పీకేయడానికి ఇంకేం మిగల్లేదనుకునేలోపే, 2007లో అన్నీ ఉన్న ఐఫోన్ వచ్చి ఈ జాతి యంత్రాలన్నిటినీ మింగేసింది. 2010లో జపాన్‌లో క్యాసెట్ వాక్‌మన్ తయారీ ఆగింది. 2022 మేలో ఐపాడ్ కూడా ఆగింది.

ఇంకా విడిగా పాటల పెట్టె ఎందుకు కొనాలి? ఫోన్‌లో పాట వింటుంటే మధ్యలో బ్యాంకువాడు, బంధువు, వాట్సాప్ గుంపు దూరుతారు. చదువుకునే పిల్లలకి ఫోన్ ఇవ్వకుండా పాట ఇవ్వాలంటే ఇదే దారి. నెట్ అక్కర్లేదు, కార్డులో వేసుకున్న ఫైలు మనది. నెల చందా కట్టి వినే పాట, కంపెనీల ఒప్పందం ముగిస్తే రాత్రికి రాత్రి మాయమవుతుంది. ఇక నష్టాల సంగతి: మరో పరికరం మోయాలి, మరో ఛార్జర్ వెతుక్కోవాలి, పాటలు మనమే ఎక్కించుకోవాలి. డబ్బు పెట్టి కొన్న మంచి ప్లేయర్లలో చాలావి ఇప్పుడు ఆండ్రాయిడ్ మీద నడుస్తున్నాయి. సోనీ వాక్‌మన్ పేరుతో అమ్మేవాటిలోనూ అలాంటివి ఉన్నాయి. అంటే పారిపోయి వచ్చిన ఫోనే మళ్లీ ఎదురవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకైతే సరిగమ కంపెనీ 2017లో తెచ్చిన కారవాన్ నయం. ఐదువేల పాటలు ముందే ఎక్కించి ఉంటాయి, తెలుగు పాటలతోనూ దొరుకుతుంది, పైగా స్పీకర్‌తో.

నా అభ్యంతరం వేరే ఉంది. నలభై ఏళ్లు దాటిన వాక్‌మన్‌లో రబ్బరు బెల్టు కరిగి జిగురుగా మారుతుంది, అంతే. చేయి తిరిగిన మెకానిక్ కొత్త బెల్టు వేసి, కిరాణా కొట్లో రెండు సెల్లు కొనిపెడితే పాడుతుంది. ఇప్పటి ప్లేయర్లలో బ్యాటరీని జిగురుతో అతికించి మూత మూసేస్తున్నారు. కొన్నేళ్లకు బ్యాటరీ చచ్చిందంటే యంత్రమూ పోయినట్టే. కొనేముందు బ్యాటరీ మార్చుకునే వీలుందా అని దుకాణంలో అడిగి చూడండి. చాలాచోట్ల, ఎందుకండీ, అప్పటికి కొత్త మోడల్ వస్తుందిగా అంటారు.