దెబ్బ చూసిన ఉద్యోగిని ఊరుకుంటే ఎలా?

కంటి కింద కమిలిన మచ్చతో ఆరోగ్య ఉపకేంద్రానికి వచ్చిన ఇల్లాలు ‘గడప తగిలి పడ్డానమ్మా’ అంటుంది. పక్కనే మొగుడో, అత్తో నిలబడి ఉంటే అంతకు మించి ఆమె నోరు పెగలదు. సంగతి తెలిసీ నర్సమ్మ మాత్రలిచ్చి పంపేస్తే, ఆమె మళ్ళీ ఆ దెబ్బల్లోకే పోవాలి.

పల్లెల్లో ఇలాంటి గాయాలు పుట్టింటివారి కన్నా ముందు కంటపడేది నర్సమ్మకు, అంగన్‌వాడీ టీచరుకు, పంతులమ్మకు. వారు చేయవలసింది కొండంత పనేమీ కాదు. బిడ్డ తూకం చూసే నెపంతోనైనా ఆమెను ఒంటరిగా పలకరించాలి. ‘తప్పు నీది కాదు’ అని చెప్పాలి. ‘సర్దుకుపో’ అనరాదు. విన్నది రచ్చబండకు ఎక్కించరాదు.

2005లో వచ్చిన గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. దీని ప్రకారం రక్షణాధికారికి ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. ఇల్లు తన పేర లేకపోయినా అందులో ఉండే హక్కు భార్యకుంది. డాక్టరమ్మ గాయాన్ని తేదీతో సహా ఉన్నదున్నట్టు రాస్తే రేపు కోర్టులో అదే ఆధారం. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును పెడుతుంది. 181కు రాత్రయినా, పగలయినా ఫోన్ చేయవచ్చు. సఖి కేంద్రంలో తాత్కాలిక ఆశ్రయం దొరుకుతుంది.

ప్రాణాపాయం ఉంటే తప్ప, ఎప్పుడు బయటపడాలన్నది ఆమే తేల్చుకోవాలి. అప్పటిదాకా ఆమె బ్యాంకు పుస్తకం, కాగితాల నకళ్ళు దాచిపెట్టినా అది పెద్ద సాయమే. గడప తగిలిందన్న మాట మళ్ళీ వినబడితే, మాత్రలతోపాటు ఒక్క ప్రశ్న కూడా అడగండమ్మా!