పిల్ల పెరుగుతుంది, మచ్చ పెరగదు

సాయంత్రం బడి విడిచే వేళ ఎల్బీనగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎటు చూసినా బండ్ల మీద పిల్లలే. ట్యాంకు మీద ఒకడు, నాన్న వెనక ఒకతె, వీపున పుస్తకాల సంచి. వెనక కూర్చున్న పిల్లకు ఫుట్‌రెస్టు అందదు, కాళ్లు వేలాడుతుంటాయి. బండి గతుకులో పడితే ఆ పాదం చక్రంలోకి పోతుంది. నాన్నకు అరుపు వినబడ్డాకే తెలుస్తుంది.

ప్లాస్టిక్ సర్జన్ల దగ్గర దీని పేరు స్పోక్ ఇంజ్యురీ. మొదటి రోజు ఈ గాయం బాగా మోసం చేస్తుంది. మడమ వెనక చర్మం కాస్త లేచినట్టుంటుంది, అంతే. సందు చివరి క్లినిక్‌లో నాలుగు కుట్లు వేయించుకుని ఇంటికి పోతారు. చువ్వలకూ ఫోర్కుకూ మధ్య నలిగిన చర్మానికి కింద రక్తనాళాలు అప్పటికే చితికిపోయి ఉంటాయి. మూడో రోజో నాలుగో రోజో ఆ చర్మం నల్లబడుతుంది. నల్లబడింది తీసేస్తే పిక్కను మడమకు కలిపే తెల్లటి స్నాయువు బయటపడుతుంది. వెనక చక్రాన్ని సగమైనా కప్పే గార్డు బండికి ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. చీర గార్డు అని అందరికీ తెలిసిందే. అందం చెడుతుందని కొన్న వారానికే దాన్ని విప్పించే మగమహారాజులకు ఏం చెప్పాలి!

తొడ మీంచి పల్చని చర్మపు పొర తీసి గాయం మీద పరిస్తే అది గ్రాఫ్ట్. దానికి సొంత రక్తం ఉండదు. మొదటి రెండు రోజులు కింద ఊరే ద్రవంతో బతుకుతుంది, ఆ తర్వాత సన్నటి నాళాలు వచ్చి అందుకుంటాయి. అందుకే ఐదు రోజుల దాకా కట్టు విప్పరు. లోపల కుళ్లిపోతుందేమో సార్, ఒక్కసారి చూడండని తల్లి బతిమాలుతుంది. తొందరపడి విప్పితేనే పోతుందమ్మా అని డాక్టరు సర్దిచెబుతాడు. బయటపడ్డ స్నాయువు మీద, ఎముక మీద గ్రాఫ్ట్ అతకదు. అక్కడ రక్తనాళంతో సహా చర్మాన్ని పక్క నుంచి తిప్పి కప్పాలి, అది ఫ్లాప్. యంత్రంలో చెయ్యి నలిగిన పిల్లాడికైతే ఒక్కోసారి ఆ చేతిని గజ్జల దగ్గరి చర్మానికి కుట్టి, మూడు వారాల పాటు అలాగే ఉంచుతారు. ఐదేళ్లవాణ్ని మూడు వారాలు కదలకుండా పడుకోబెట్టడమంటే సర్జన్ కన్నా అమ్మమ్మకే పని ఎక్కువ.

పెద్దవాళ్లకు ఇంతటితో చాలావరకు పని అయిపోతుంది. పిల్లలకు అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఎముక పెరుగుతుంది, కండ పెరుగుతుంది. మచ్చ మాత్రం వాటితో సమానంగా సాగదు. పోయినేడు కుట్టించిన చొక్కాలా ఈ ఏడు బిగుసుకుంటుంది. మరిగే చారు గిన్నె మీద పడి మెడ కాలిన పాపకు గడ్డం కిందికి లాగేస్తుంది, కింది పెదవి వంగిపోతుంది. అరచెయ్యి కాలినవాడికి వేళ్లు ముడుచుకుంటాయి. అప్పుడు మచ్చను కోసి విడదీసి, ఆ ఖాళీలో కొత్త చర్మం వేయాలి. ఎత్తు పెరిగే వయసులో మళ్లీ బిగిస్తే మళ్లీ. అందుకే సర్జన్లు రాత్రిపూట స్ప్లింట్ కట్టమంటారు, స్నానం వేళ తప్ప రోజంతా ప్రెజర్ గార్మెంట్ తొడగమంటారు. నెలలూ, ఒక్కోసారి ఏడాదికి పైనా. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో ఆ బిగుతు బట్ట వేసుకున్న పిల్ల దురద దురదంటూ ఏడుస్తుంటే ఏ తల్లి మనసు ఒప్పుతుంది? తీసేస్తుంది. తప్పు పట్టలేం. కానీ మళ్లీ ఆపరేషన్ దాకా తీసుకెళ్లే కారణాల్లో అదొకటి.

అసలు ఆపరేషనే వద్దనే సందర్భాలూ ఉన్నాయి. తలుపు సందులో పడి వేలి కొస తెగిన చిన్నపిల్లలకు, చివరి కణుపు దాటి పైన తెగితే, శుభ్రంగా కట్టు కట్టి వదిలేస్తే చాలాసార్లు అదే పెరుగుతుందని 1974లోనే ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ డాక్టరు సింథియా ఇల్లింగ్‌వర్త్ రాశారు. డాక్టర్ ఏమీ చేయలేదని పోట్లాడే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

పూర్తిగా తెగిన చెయ్యిని తిరిగి అతకడం ప్రపంచంలో మొదట ఫలించింది కూడా ఒక పిల్లాడికే. 1962 మే 23న అమెరికాలో గూడ్సు రైలెక్కబోయిన పన్నెండేళ్ల అబ్బాయికి భుజం దగ్గర చెయ్యి తెగిపోతే బోస్టన్‌లో రొనాల్డ్ మాల్ట్ బృందం అతికించింది. ఇప్పుడు మైక్రోస్కోపు కింద వేళ్లు కూడా అతుకుతారు. తెగిన వేలిని తెచ్చే తీరులోనే చాలామంది పొరబడతారు. నేరుగా ఐసులో వేస్తే కణాలు చచ్చిపోతాయి. తడి గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసులో ఉంచాలి. కాలిన చోట టూత్‌పేస్టూ కాఫీపొడీ కాదు, ఇరవై నిమిషాలు కొళాయి నీళ్లు.

నల్లగొండ, సూర్యాపేట బస్సులు ముందు ఎల్బీనగర్‌లోనే ఆగుతాయి కాబట్టి విజయవాడ రోడ్డు ప్రమాదాల బాధితులకు నగరంలో తొలి గడప ఇదే. పేదవాళ్లు ఇక్కణ్నుంచి ఉస్మానియా ఆసుపత్రికి పోతారు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక తిరుగు చూపులకు వచ్చేవాళ్లకు దారి కాస్త తేలికైంది. 2021లో ఉస్మానియాలో చర్మ బ్యాంకు వచ్చింది. చనిపోయిన ఆరు గంటల్లోపు సేకరించిన చర్మం అది. ఒళ్లంతా కాలిన పిల్లకు సొంత చర్మం సరిపోనప్పుడు కొన్ని వారాలు కప్పి కాపాడుతుంది, శాశ్వతంగా నిలవదు. పిల్లలకు కట్టు మార్చడానికైనా మత్తు కావాలి. ఈ నగరానికి మత్తుతో పాత చుట్టరికమే ఉంది, 1888, 89లలో మత్తుమందు క్లోరోఫాంను పరీక్షించిన కమిషన్లు నిజాం సొమ్ముతో ఇక్కడే జరిగాయి.

ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆపరేషన్‌కు దారి దొరుకుతోంది. ఆ తర్వాతి పదేళ్ల ఫిజియోథెరపీకి, స్ప్లింట్లకు, నెలనెలా బస్సు చార్జీలకు ఎవరు పూచీ? కొత్తపేట పాత పండ్ల మార్కెట్ స్థలంలో పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అందులో ఆపరేషన్ థియేటర్లు ఎన్ని అని అడిగేవాళ్లే అందరూ. కాలిన పిల్లల చేతులు వంచి సాగదీసే ఫిజియోథెరపీ గది ఎన్నో అంతస్తులో ఉంటుందో అడిగేవాళ్లు కావాలి.