వడపోత యంత్రము త్వరగా చెడనేల?

నీటి వడపోత యంత్రము ఏడాదియైనను నిలువనిచో మనము యంత్రమునే నిందింతుము. ముందుగా దానికందించు నీటిని పరీక్షింపవలెను.

మొదటి ఫిల్టరు త్వరగా ఎఱ్ఱబడి, నీరు సన్నగా వచ్చినచో, నీటిలో మన్ను గాని త్రుప్పు గాని అధికముగా నున్నదని గ్రహించి, తొట్టిని కడిగింపవలెను.

బోరునీరు కాచిన గిన్నెలో తెల్లని పెచ్చు కట్టినచో అది కఠినజలము. అందలి కాల్షియము, మెగ్నీషియము లవణములు యంత్రములోని ఆర్.ఓ. పొరపై గట్టిపడి, దాని సూక్ష్మరంధ్రములను మూసివేయును. అట్టిచోట కాఠిన్యమును తగ్గించు సాధనమును ముందుగా అమర్చవలెను.

కుళాయి నీటిలోని క్లోరిను సయితము ఈ పొరను చెఱచును. క్లోరినును తొలగించునది బొగ్గు ఫిల్టరు. దానిని మార్చుటలో జాగు చేసినచో ఖరీదైన పొరకే ముప్పు.

చెడిన పొరనుండి వచ్చు నీరును తేటగానే కనిపించును. పిల్లలు దానినే త్రాగుదురు. కావున చౌకైన ఫిల్టర్లను సకాలమున మార్చి, పొరను, ఆరోగ్యమును కాపాడుకొందము.