వెలిగే డయల్ వేసేటప్పుడు ముల్లు జాగ్రత్త

ఇవాళ కారు మీటర్లకి వెలిగే డయల్ షీటు ఎలా వేయాలో చూద్దాం.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఈ షీటు వెలగాలంటే ఏసీ కరెంటు కావాలి. అందుకే కిట్‌లో చిన్న ఇన్వర్టర్ ఇస్తారు. దాన్ని ఫ్యూజు పెట్టి పార్కింగ్ లైటు వైరుకి కలపండి. షీటుని మాత్రం నేరుగా 12 వోల్టులకి కలపొద్దు, వెలగదు.

అసలు సంగతంతా ముల్లు దగ్గరే ఉందండీ. షీటుకి చీలిక ఉంటే ముల్లు పీకకుండానే కిందనుంచి దూర్చేయొచ్చు. పీకక తప్పదంటే, పాత కేబుల్ మీటరులో ముల్లుని ఆపే పిన్ను మీదుగా మెల్లగా దాటించి, అది తనంతట తాను ఎక్కడ ఆగుతుందో గుర్తు పెట్టుకోండి. మళ్లీ సరిగ్గా అక్కడే పెట్టాలి. కాస్త పక్కకి జరిగినా, మీటరు 60 చూపిస్తుంటే బండి 70లో పోతుంటుంది.

బిగించాక పక్కన కూర్చున్నవాళ్లని ఫోన్‌లో జీపీఎస్ స్పీడు చూడమని, రెండూ సరిపోల్చుకోండి.