త్యాగరాజ కీర్తనలలో మాకు నచ్చినవి

త్యాగరాజస్వామి కీర్తనలలో అన్నిటికంటె గొప్పది ఏది అని విద్యార్థులు అప్పుడప్పుడు అడుగుచుందురు. ఇది పరీక్షలో వచ్చు ప్రశ్న కాదు గనుక గైడు పుస్తకములలో దీనికి జవాబు దొరకదు. సంగీతము నేర్వనివారు, స్వరజ్ఞానము లేనివారు, తెలుగును ఇంటిలో గాక బడిలో నేర్చినవారు, తమకు ప్రియమైన నాలుగు కీర్తనలను తామే ఎన్నుకొనవచ్చునా? నిస్సందేహముగా ఎన్నుకొనవచ్చును. అయితే నచ్చినది ఏల నచ్చినదో చెప్పగలుగుట వేరొక పని. ఆ పనికి కొంత ఉపకరింపవచ్చునని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

త్యాగరాజు 1767లో తిరువారూరులో జన్మించి, 1847 జనవరి 6వ తేదీన తిరువయ్యారులో కన్నుమూసెను. ఆయనకు మూడేండ్లు చిన్నవాడు జర్మనీ దేశపు బీథోవెన్. 1797లో వియన్నాలో షూబర్ట్ పుట్టెను. అదే ఏట ఆగ్రాలో మీర్జా గాలిబ్ పుట్టెను. మెండెల్సన్ మరణించినది 1847లోనే. ఐరోపాలో కాల్పనికోద్యమము పొంగుచున్న రోజులవి. కళాకారుడు తన గుండెలోని బాధను, కోపమును, ఆశను కళకు కేంద్రముగా చేసికొన్న కాలమది. కావేరీతీరమున ఉన్న ఈ తెలుగు గాయకునికి ఆ సంగతులతో పని లేదు. అయినను ఆయన కీర్తనలలో కూడ ‘నేను’ అను ధ్వని ఎల్లెడల వినిపించును. ఆయన అలుగును, నిష్ఠురమాడును, ఎత్తిపొడుచును, బ్రతిమాలును. వినవలసినవాడు మాత్రము ఒక్కడే, రాముడు.

తిరుపతిలో నివసించుచు అన్నమయ్యను విడిచి త్యాగరాజును ఏల పట్టుకొంటిరని కొందరు అడుగవచ్చును. అన్నమయ్య (1408–1503) సాహిత్యము రాగిరేకులపై నిలిచినది, రాగముల పేర్లు కూడ నిలిచినవి, కాని ఆయన పాడిన బాణీలు నిలువలేదు. నేడు మనము వినుచున్న వరుసలు అధికభాగము 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. త్యాగరాజు విషయము అట్లు కాదు. ఆయన పాట శిష్యుని గొంతునుండి శిష్యుని గొంతునకు వచ్చినది. సుమారు 700 కీర్తనలు ఇట్లు మనకు చేరినవి.

ఈ చేరుటలో మన ప్రాంతమునకు కొంత భాగమున్నదని చాలమందికి తెలియదు. త్యాగరాజ శిష్యపరంపరలు ముఖ్యముగా మూడు: ఉమయాళ్పురము, తిల్లస్థానము, వాలాజాపేట. మొదటి రెండును కావేరి చెంతనే గలవు. మూడవది మాత్రము పాలారు ప్రాంతమున, పూర్వపు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉన్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఆ ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము మన చిత్తూరే. వాలాజాపేట అను పేరు ఆర్కాటు నవాబు ముహమ్మదలీ వాలాజాహ్ పేరుమీద వచ్చినది. ఆ ఊరి వేంకటరమణ భాగవతులు, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులు గురువుగారి కీర్తనలను వ్రాసి భద్రపరచిరి. గురువుగారి జీవితమును గూడ వ్రాసిరి. వేంకటరమణ భాగవతుల ఇంటిభాష తెలుగు కాదు, సౌరాష్ట్రము. నవాబు పేరుగల పేటలో, సౌరాష్ట్రభాష మాటలాడు కుటుంబమువారు, తమిళదేశమున పుట్టిన తెలుగు పాటలను కాపాడిరన్నమాట! ఇంటిభాష వేరైనంత మాత్రమున ఈ సంపద తమది కాదని మన విద్యార్థులు ఎవరును అనుకొనవలసిన పని లేదు.

ఇక కీర్తన నిర్మాణము. ఉర్దూ విభాగపు మిత్రులకు ఇది సులభముగా బోధపడును. పల్లవి, అనుపల్లవి, చరణము అని మూడు అంగములు. గజలుకు మత్లా ఎట్టిదో కీర్తనకు పల్లవి కొంతవరకు అట్టిది. మొదట మనస్సును పట్టునది అదియే. గజలులో కాఫియా పాదము చివర వచ్చును, మన ప్రాస పాదము మొదట రెండవ అక్షరమున వచ్చును. మఖ్తాలో కవి తన తఖల్లుస్‌ను చెప్పుకొన్నట్లే, చరణము చివర వాగ్గేయకారుడు తన ముద్రను ఉంచును. ‘త్యాగరాజ’ అను ముద్ర లేనిదే అది ఆయన పాట అని తొందరపడి అనరాదు. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ చిత్రము తరువాత ‘బ్రోచేవారెవరురా’ కీర్తనను త్యాగరాజుకు అంటగట్టినవారు ఎందరో. అది మైసూరు వాసుదేవాచార్యులది. చరణము వరకు ఓపికతో విన్నచో ముద్రయే ఆ మాట చెప్పును.

ముషాయిరాలో కవి మొదటి మిస్రాను రెండు మూడు మార్లు చదువును. ప్రతి మారును శ్రోత రెండవ మిస్రా కొరకు మరింత ఆత్రపడును. కీర్తనలో సంగతులు ఇంచుమించు ఇట్టి పనియే చేయును. ఒకే పంక్తిని మొదట సాదాగా పాడి, తరువాత ఒక్కొక్క మలుపు చేర్చుచు పెంచుకొనిపోవుట సంగతి. మాట మారదు, దాని వెలుగు మారును. సంగతులను కీర్తనలో ఒక క్రమమున పొదిగిన ఘనత త్యాగరాజుదే అని విద్వాంసులు చెప్పుదురు. దీనికి ‘చక్కని రాజమార్గము’ను మించిన ఉదాహరణము మాకు తోచదు. రాగము ఖరహరప్రియ, ఆ రాగమునకు ప్రాణము పోసినవాడు ఆయనయే. తిన్నని పెద్దబాట ఎదుట ఉండగా ఇరుకు సందులలో దూరనేల అని భావము. ఒక్కొక్క సంగతికి ఆ బాట మన కన్నుల ఎదుట వెడల్పగుచున్నట్లుండును. మొదట ఎన్నుకొనవలసిన కీర్తన ఏది అని నిలదీసినచో దీనినే చెప్పుదుము.

పంచరత్నములను గూర్చి అందరును చెప్పుదురు గనుక మేము క్లుప్తముగా చెప్పెదము. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని ఈ ఐదింటిని తిరువయ్యారు ఆరాధనలో విద్వాంసులందరు కూడి పాడుదురు. అక్కడి సమాధిమందిరమును కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. మొదటిదైన ‘జగదానందకారక’ సంస్కృత నామావళి. తక్కిన నాలుగును తెలుగు. తెలుగు విద్యార్థికి ఆరభిలోని ‘సాధించెనే’ ఎక్కువ రుచించును. లోకమునకు మంచిమాటలు బోధించి, తన పని వచ్చుసరికి వానిని ప్రక్కకు నెట్టి పంతము నెగ్గించుకొన్న దేవునిమీద ఫిర్యాదు అది. ఇట్టి పెద్దలు ప్రతి ఊరను ఉందురు గనుక వివరణ అక్కరలేదు.

‘నిధి చాల సుఖమా’ పాటకంటె దాని వెనుకనున్న కథయే ఎక్కువ ప్రచారము పొందినది. తంజావూరు రాజు శరభోజి పిలుపును త్రోసిపుచ్చి పాడెనని చెప్పుకొందురు. జీతముపై బ్రతుకు మాబోటివారు దీనిని సభలలో మెచ్చుకొనుట కొంచెము సాహసమే. అయినను కల్యాణి రాగపు నిండుతనము, ప్రశ్నవెంట ప్రశ్న వేయు ఆ నడక వినదగినవి. ‘నగుమోము’ను అందరును ఇష్టపడుదురు, మేమును ఇష్టపడుదుము. కాని ఒక్క మాట: దాని రాగమైన ఆభేరి కాలక్రమమున రూపు మార్చుకొన్నది, పూర్వపు శుద్ధధైవతము పోయి నేడు చతుశ్శ్రుతిధైవతము వినిపించుచున్నది. మనము ప్రేమించునది వాగ్గేయకారుని పాటనా, తరువాతి గాయకులు దిద్దిన పాటనా? ఇట్టి చిక్కు బీథోవెన్ విషయమున అంతగా లేదు. అక్కడ స్వరము కాగితముపై అచ్చుపడియున్నది.

మా మనస్సుకు మిక్కిలి దగ్గరైనది, మన ఊరిదియే అయిన కీర్తన ‘తెర తీయగ రాదా’. రాగము గౌళిపంతు. జీవితపు చివరి దశలో త్యాగరాజు కాంచీపురము, తిరుపతి, చెన్నపట్టణము, కోవూరు మొదలగు చోట్లకు యాత్ర చేసెను. కొండపై స్వామి ఎదుట తెర వేసియుండగా ఈ పాట పాడెననియు, తెర దానంతట అదే తొలగెననియు, అప్పుడు మధ్యమావతిలో ‘వేంకటేశ నిను సేవింప’ పాడెననియు కథ. కథ అందమైనది, కాని కథను మాత్రమే విన్నవారు పాటను వినరు. పాటలో ఆయన తొలగింపుమన్నది గుడిలోని గుడ్డతెరను కాదు, తనలోని మత్సరమను తెరను. ధర్మము మొదలు మోక్షమువరకు గల పురుషార్థములను అది తరిమివేయుచున్నదని ఆయన మొర. ఆ తెర ఎట్టిదో చెప్పుటకు వరుసగా పోలికలు తెచ్చును. సుఖముగా అన్నము తినువేళ ఈగ తగిలినట్లున్నదట. ఆకలిగొన్న చేప గాలమునకు చిక్కినట్లున్నదట. వల అని ఎరుగక లేళ్లు వచ్చి పడినట్లున్నదట. అన్నియు వంటింటిలో, చెరువుగట్టున, అడవి అంచున కనిపించునవే. ఒక్కటియు పుస్తకపు ఉపమానము కాదు. ఈగ పోలికను మరల చూడుడు. మత్సరము పెద్ద పాపమువలె రాదు, పళ్లెములో ఈగవలె వచ్చును, భోజనమంతయు చెడును.

ఆ పోలికలలోనే ఇంకొకటి కలదు. హరిధ్యానము చేయువేళ మనస్సు అంత్యజుల వాడకు పోయినట్లు అని. దీనిని దాచి పాఠము చెప్పుట మాకు సమ్మతము కాదు. అది ఆనాటి కులదృష్టి. ఒక వాడలో మనుష్యులు నివసించుటయే అపవిత్రమని ఎంచిన దృష్టి. లోని తెర తీయుమని అంత ఆర్తితో వేడుకొన్న పాటలో ఈ ఒక్క తెర తీయబడక మిగిలియున్నది. ఆ వాడలనుండి వచ్చిన విద్యార్థులు మన తరగతులలో కూర్చుందురు. వారి ఎదుట ఈ చరణమును చదువునపుడు ఆ మాట చెప్పియే చదువవలెను. ఇట్లు చెప్పినందున కీర్తనపై మా ప్రేమ తగ్గలేదు, గుడ్డిప్రేమగా మాత్రము ఉండలేదు.

ఈ ప్రాంతమున త్యాగరాజును జనమునకు దగ్గర చేసినవారిని తలచినపుడు ఇరువురు గుర్తువచ్చుదురు. పుంగనూరులో పుట్టి కాంచీపురము నైనాపిళ్లెగారి శిష్యుడై పేరుగాంచిన చిత్తూరు సుబ్రహ్మణ్యపిళ్లెగారు ఒకరు. చిత్తూరు రంగస్థలముపై పేరు తెచ్చుకొని, ఊరి పేరునే ఇంటిపేరు చేసికొన్న నాగయ్యగారు రెండవవారు. 1946లో ‘త్యాగయ్య’ చిత్రమును తీసి ఆ పాత్రను నాగయ్యగారే ధరించిరి. కచ్చేరికి పోలేని పల్లెజనము త్యాగరాజును ఆ తెరపైననే చూచిరి.

ఎన్నికకు మరియొక పరీక్ష కలదు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగమున స్థిరపడి, 1999లో పరమపదించిన షేక్ చినమౌలానా సాహెబుగారు నాదస్వరమున ఈ కీర్తనలను వాయించిరి. 1977లో పద్మశ్రీ పొందిరి. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబి దంపతులు 2021లో అదే గౌరవము పొందిరి. నాదస్వరములో మాట ఉండదు. మాటను తీసివేసినను నిలుచునది సంగీతబలముగల కీర్తన. ‘చక్కని రాజమార్గము’ అట్లు నిలుచును, ఇంకను పెరుగును. ‘తెర తీయగ రాదా’ రాగమున నిలుచునుగాని, ఈగయు చేపయు లేళ్లును పోవును. కావున దానిని మాత్రము గాత్రముననే వినవలెను. వినుటకు ముందు చరణములను కాగితముపై వ్రాసికొని దగ్గర పెట్టుకొనుట మంచిది.