కుక్క నాలుక ఎందుకు వేలాడేస్తుంది?

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు పాదాల అడుగున తప్ప దాదాపు పట్టదు. అందుకే ఎండల్లో నాలుక చాపి రొప్పుతుంది. నాలుక మీది తడి ఆవిరవుతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. చప్పిడి ముక్కు పగ్‌లకు పాపం, ఇదీ సరిగ్గా చేతకాదు.

నీడకు చేరాక కూడా రొప్పు తగ్గలేదా? పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి (మీరు పెంచుకునే కుక్కకే సుమా!). వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట 2 సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. రాకపోయినా, చిగుళ్లు ఎర్రగా కందినా, చొంగ జిగటగా కారినా, నడక తూలినా వడదెబ్బే కావచ్చు. ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం. పెద్దవాళ్లను పిలవండి. ఒళ్లంతా చల్లనీళ్లు పోసి, ఫ్యాన్ గాలి తగలనిచ్చి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.