విడిచిన తాబేలుపిల్లల జాడ

కిరండూల్‌లో ఇనుప ఖనిజం నింపుకొని బయలుదేరిన ప్రతి పెట్టె జాడ విశాఖపట్నం రేవు చేరేవరకు రైల్వేవారికి తెలిసే ఉంటుంది. ఆ విశాఖ ఇసుకతీరాన చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గ్రుడ్లు పెడతాయి. అటవీశాఖవారు వాటిని సేకరించి కంచె నడుమ పాతించి, వెలువడిన పిల్లలను అలలలోకి విడిచిపెడతారు. అటుపిమ్మట వాటి జాడ ఎవరికి తెలుసు? అరచేతిలో ఇమిడే పిల్లపై సంకేత పరికరం మోపడమంటే దానిని ముంచడమే.

పెద్ద తాబేలు సంగతి వేరు. 2021లో ఒడిషా తీరాన ఈతరెక్కకు లోహపు బిళ్ళ తగిలించిన ఒకటి 2025లో మహారాష్ట్రలోని గుహాగర్‌లో కనిపించింది.

పిల్లల చిక్కును విప్పినవారు అమెరికాలోని ఫ్లోరిడా శాస్త్రజ్ఞులు. లాగర్‌హెడ్ తాబేలుపిల్లలను కొన్ని నెలలు తొట్లలో పెంచి, 2009-2011 మధ్య 17 పిల్లల వీపున సూర్యశక్తితో పనిచేసే చిన్న పరికరాలు అంటించి అట్లాంటిక్‌లో వదిలారు. పెరిగే డిప్పపై జిగురు నిలువలేదు. చివరికి గోళ్ళ అలంకరణకు వాడే ఆక్రిలిక్ పూత అక్కరకు వచ్చింది! ఉపగ్రహాలు వాటిని 27 నుండి 220 రోజుల వరకు గుర్తించాయి. ప్రవాహం వెంట కొట్టుకొనిపోతాయనుకొన్న పిల్లలలో కొన్ని దానిని వీడి సర్గాసో సముద్రం వైపు మళ్ళాయి.

అయితే పరికరం మూగవోయినపుడు పిల్ల మరణించినదో, పూత ఊడినదో ఉపగ్రహం చెప్పజాలదు. తొట్టిలో పెరిగిన పిల్ల కడలిలో పెరిగినదానివలెనే ఈదుతుందా అన్న సందేహమూ మిగిలే ఉన్నది.